విశాఖ కొండవాలులో సొంతిల్లు

విశాఖపట్నంలో ఇల్లు కొనాలని తిరిగే మధ్యతరగతి కుటుంబాలు కొన్నేళ్ళుగా సముద్రం వైపు కంటే కొండల వైపే ఎక్కువ చూస్తున్నాయి. బీచ్ రోడ్డు ధర అందదు. అక్కయ్యపాలెం, ద్వారకానగర్ సందుల్లో కారు పెట్టుకోవడానికి చోటుండదు. అందుకని ఎండాడ, కొమ్మాది, మధురవాడ వెనక వాలులు, హనుమంతవాక నుంచి ముడసర్లోవ మీదుగా అడవివరం వెళ్ళే దారి, ఇటు పెందుర్తి దిక్కున నరవ కొండల పాదాలు, ఎటు చూసినా లేఅవుట్ల బోర్డులే. స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో రిటైరైనవారు, అమెరికాలో ఉండి ఇక్కడి అమ్మానాన్నల కోసం కొనేవారు, రుషికొండ ఐటీ కంపెనీల్లో చేరిన కొత్త జంటలు, అందరూ అడిగేది దాదాపు ఒకటే. రద్దీ ఉండకూడదు, గాలి ఆడాలి, కిటికీ తెరిస్తే పచ్చదనం కనపడాలి.

ఈ కోరికలో న్యాయం ఉంది. ఒకవైపు యారాడ కొండ, మరోవైపు కైలాసగిరి, సింహాచలం కొండల వరుసలు, మధ్యలో గిన్నెలా పాత నగరం. పోర్టు బొగ్గు ధూళి, ఫ్యాక్టరీల పొగ ఆ గిన్నె దాటి అంత తొందరగా పోవు. డాబా మీద వేలితో రాస్తే నల్లగా అంటుకునే ఇళ్ళలో పిల్లల్ని పెంచినవాళ్ళు కొండ అవతలికి పోదామనుకోవడం సహజం.

అయితే ఇల్లు చూడబోయే ముందు వాళ్ళకు దొరికే సలహాలన్నీ ముక్కలు ముక్కలుగా ఉంటాయి. లాయరు లింకు డాక్యుమెంట్లు చూసి పంపిస్తాడు. ఇంజినీరు స్లాబు మందం, పిల్లర్ల సైజు చూస్తాడు. బ్యాంకు తన అప్పు తీరుతుందా లేదా అన్నంతవరకే చూస్తుంది. బ్రోకరు భోగాపురం ఎయిర్‌పోర్టు ఎన్ని నిమిషాల దూరమో చెబుతాడు. వీళ్ళలో ఎవరి చూపూ ప్లాటుకున్న నాలుగు హద్దురాళ్ళు దాటదు. పల్లపు నేల మీద అది సరిపోవచ్చు. కొండవాలులో ఇంటి భవిష్యత్తు తేలేది ఆ హద్దురాళ్ళ అవతలే. పైనున్న నేల ఎవరిది, దాని మీద పడిన వాన ఎటు దిగుతుంది, కింది నేలను రేపు ఎవరు తవ్వుతారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలియకుండా ఇక్కడ ఇల్లు కొనకూడదని నా గట్టి అభిప్రాయం. విశాఖ కొండల అనుభవం ఈ మాటకు ఎంతవరకు మద్దతిస్తుందో చూద్దాం.

ముందుగా కాగితాలు. కొండను ఆనుకున్న సర్వే నంబర్లలో పక్కపక్కనే నాలుగైదు రకాల భూమి ఉంటుంది. ఒకటి సొంత పట్టా ఉన్న జిరాయితీ, దాని పక్కది ప్రభుత్వానిదైన కొండ పోరంబోకు, ఆ పక్కది డి-పట్టా, మధ్యలో గెడ్డ పోరంబోకు, పైన రిజర్వు ఫారెస్టు. చూపుకి అన్నీ ఒకే ఎర్రమట్టి. లేఅవుట్ వేసేవాడు ముందున్న జిరాయితీ భూమికి ప్లాను తెచ్చుకుని, వెనకనున్న పోరంబోకులోకి రెండు వరుసల ప్లాట్లు జరిపేసిన సందర్భాలు ఈ ప్రాంతంలో రెవెన్యూ వాళ్ళకు కొత్తేమీ కాదు. 1977 నాటి చట్టం ప్రకారం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి, అంటే డి-పట్టా, చేతులు మారకూడదు. 2023లో చేసిన సవరణతో ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూములకు ఫ్రీహోల్డ్ దారి తెరుచుకుంది కానీ, 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లను నిలిపి విచారణ పెట్టారు. అందువల్ల ‘ఇది ఫ్రీహోల్డ్ అయిపోయింది సార్’ అన్న మాట విని అడ్వాన్సు ఇవ్వడం ప్రమాదం. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ఉన్న నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు, సబ్‌డివిజన్‌తో సహా, ఉందో లేదో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోవాలి.

పంచగ్రామాల సంగతి వేరే చెప్పాలి. సింహాచలం కొండ కింద అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి గ్రామాల్లో తొమ్మిది వేల ఎకరాలకు పైగా భూమి శ్రీ వరాహ లక్ష్మీనృసింహస్వామి దేవస్థానం పేరిట ఉంది. ఇనాముల రద్దు చట్టం కింద దేవస్థానానికి రైత్వారీ పట్టాలు రావడంతో, తరాలుగా అక్కడ ఉంటున్నవాళ్ళూ, కష్టార్జితం పోసి కొనుక్కున్నవాళ్ళూ ఆక్రమణదారుల లెక్కలోకి వెళ్ళిపోయారు. క్రమబద్ధీకరణ ఉత్తర్వులు వచ్చాయి, 2019లో శాసనసభ చట్టం కూడా చేసింది, వ్యవహారం హైకోర్టులో ఆగింది. ప్రతి ఎన్నికల్లోనూ హామీ వినపడుతుంది. ఈలోగా అక్కడ పుట్టి పెరిగిన కుటుంబాలు కూతురి పెళ్ళికి ఇల్లు తాకట్టు పెట్టుకోలేక, కూలిపోతున్న గోడకు మరమ్మతు అనుమతి తెచ్చుకోలేక నలిగిపోతున్నాయి. వాళ్ళకు న్యాయం జరిగి తీరాలి. కొత్తగా కొనేవాళ్ళు మాత్రం నోటరీ కాగితం మీద, ధర సగమే కదా అని, ఆ చిక్కులోకి దిగకూడదు. సేల్ అగ్రిమెంటు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, వీలునామా కలిపి ఇచ్చినంత మాత్రాన స్థిరాస్తి హక్కు బదిలీ కాదని 2011లో సూరజ్ లాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

చాలామంది ఈసీ, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఒక్కటి చూసి ధైర్యపడతారు. ఈసీలో కనపడేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. కోర్టులో నడుస్తున్న దావా, అన్నదమ్ముల మధ్య నోటిమాటగా జరిగిన పంపకం, దేవాదాయ శాఖ క్లెయిము దానికెక్కవు. అందుకే పాత సెటిల్‌మెంట్ రికార్డు, వాడుకలో ఆర్‌ఎస్‌ఆర్ అంటారు, అందులో ఆ నంబరు ఎదురుగా ఏం రాసి ఉందో చూడాలి. దాంతోపాటు ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) నకలు తీసుకోవాలి. ఎఫ్ఎంబీ అంటే హద్దులు కొలవడానికే అనుకుంటారు గానీ, నా దృష్టిలో కొండవాలు కొనుగోలుకు అంతకంటే విలువైన కాగితం లేదు. ఎందుకంటే ఆ పటంలో పాత గెడ్డలు గీసి ఉంటాయి.

ఉత్తరాంధ్రలో కొండవాగును గెడ్డ అంటాం. మేఘాద్రిగెడ్డ లాంటి పెద్దవి అందరికీ తెలుసు. పేరులేని చిన్న గెడ్డలు కొండ మడతల్లో వందల్లో ఉంటాయి. ఏడాదిలో పది నెలలు అవి ఎండి, తుప్పలు మొలిచి, ఉత్త పల్లంలా కనపడతాయి. జేసీబీ పెట్టి రెండు రోజుల్లో పూడ్చేయవచ్చు. పూడ్చిన చోట ప్లాటు పడుతుంది, ప్లాటు మీద ఇల్లు పడుతుంది. అక్టోబరులో వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురు కురిస్తే కొండ మీది నీరు పాత దారి వెతుక్కుంటూ ఆ ఇంటి వెనక గోడ దగ్గరికే వస్తుంది. ఎఫ్ఎంబీలో గెడ్డ గీత ప్లాటు మీదుగా పోతోందంటే అది చట్టపరంగా పోరంబోకు సమస్య, ఇంజినీరింగు పరంగా పునాది సమస్య, రెండూ ఒకటే. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు వెనక్కి జరిపి చూడవచ్చు. పదిహేనేళ్ళ కిందటి చిత్రంలో పచ్చటి చార ఒకటి కొండ మీద నుంచి ఆ ప్లాటులోకి దిగి ఉంటే, అక్కడ నీరు పారేదని అర్థం. ఇంట్లో కూర్చుని పైసా ఖర్చు లేకుండా చేసుకోగల పరీక్ష ఇది.

ఇక నేల. ఈ కొండలు ఖోండలైట్ రాయివి. తూర్పు కనుమల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాయికి పేరు పెట్టారు. తాజా రాయి గట్టిదే. కానీ యుగాల ఎండా వానలకు నాని, శిథిలమై, పైపొర ఎర్రటి జిగురు మట్టిగా, దాని కింద చేత్తో పిండితే పొడి అయ్యే మెత్తటి రాయిగా మారి ఉంటుంది. ఎండిపోయి ఉన్నప్పుడు ఈ మట్టిని గునపంతో నిలువుగా కోసినా నిలబడుతుంది. అదే మనల్ని మోసం చేస్తుంది. తడిసి బరువెక్కితే ఆ నిలువు కోత నిలవదు. హైదరాబాదులో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గుట్టలు గ్రానైటువి. అక్కడ పునాది తవ్వడం ఖర్చుతో కూడిన పని గానీ, రాయి మీద ఆనిన పునాది కదలదు. అక్కడ ఇల్లు కట్టిన బంధువుల అనుభవాన్ని తెచ్చి విశాఖకు అన్వయించుకోకూడదు.

వాలు నేల మీద ఇల్లు కట్టేవాళ్ళు సాధారణంగా చేసేది ఒకటే. ప్లాటులో ఎగువ సగం తవ్వి, ఆ మట్టినే దిగువ సగంలో పోసి, మొత్తం చదును చేస్తారు. దిగువన మట్టి జారిపోకుండా ఒక గోడ కడతారు. ఇప్పుడు ఇంట్లో సగం పుట్టు నేల మీద, సగం పోసిన మట్టి మీద నిలబడింది. పోసిన మట్టిని పొరలు పొరలుగా నీళ్ళు కొట్టి రోలరుతో దిమ్మిస చేస్తే కొంత నయం. ఆదరాబాదరాగా నింపితే ఏళ్ళ తరబడి అణుగుతూనే ఉంటుంది. ఒక సగం కదలక, రెండో సగం కుంగుతూ ఉంటే మధ్యలో గోడ చీలుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పైకి పాకిన బీట, పై అంచున వెడల్పుగా, కింద సన్నగా ఉంటే అది ప్లాస్టరు బీట కాదు.

ఇక్కడ వాస్తు ప్రస్తావన తప్పదు. నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలన్నది మన ఇళ్ళలో పాతుకుపోయిన పట్టింపు. విశాఖలో సముద్రం తూర్పున ఉంది కాబట్టి తూర్పుకు వాలిన ప్లాట్లకు ఆ లెక్క సహజంగానే కుదురుతుంది, ధర కూడా అలాగే పలుకుతుంది. చిక్కు పడమరకో దక్షిణానికో వాలిన ప్లాట్లతో. వాటిని వాస్తుకు సరిచేయడం కోసం నైరుతి మూలకు లారీల కొద్దీ గ్రావెల్ తోలి ఎత్తు చేస్తారు. అంటే ప్లాటులో అన్నిటికంటే పల్లమైన మూల అన్నిటికంటే లోతైన పోతమట్టి మీద నిలబడుతుంది. పట్టింపు ఉన్నవాళ్ళు దాన్ని వదులుకోమని నేను అనను. అలాంటి ప్లాటు కొనకుండా తూర్పు వాలు ప్లాటు దొరికేదాకా ఆగమంటాను.

మధురవాడ వెనక ఒక రెండంతస్తుల ఇల్లు చూడ్డానికి మా బంధువులతో వెళ్ళినప్పుడు, ఒక పెద్దవయసు తాపీమేస్త్రిని కూడా తీసుకెళ్ళాం. హాల్లోంచి సముద్రపు చార ఒకటి కనపడుతోంది. అందరం దాన్ని చూస్తుంటే ఆయన పెరట్లోకి పోయి గోడ దగ్గర నిలబడ్డాడు. సుమారు పది అడుగుల ఎత్తు రాతికట్టుడు గోడ, కొత్తగా లేత పసుపు రంగు వేసి ఉంది. ఆయన వేలితో రంగు మీద గీరాడు. కింద గుండ్రటి సిమెంటు ముద్ద బయటపడింది. రెండడుగుల అవతల ఇంకొకటి. ‘బాబూ, గొట్టాలన్నీ మూసీసారు సూడండి. ఎర్ర నీళ్ళు కారి రంగు పాడవుద్దని మూసీసుంటారు. ఇప్పుడు ఎనకాల నీళ్ళు ఎటెల్తాయండి?’ అన్నాడు. గోడ అడుగున అరచేతి వెడల్పున తెల్లటి ఉప్పు చారలు, మధ్యలో లోపలి నుంచి ఎవరో తోసినట్టు ఒక ఉబ్బు. తాడుకు రాయి కట్టి వేలాడదీస్తే పై అంచు బయటికి మూడు వేళ్ళు ఒరిగింది. మా వాళ్ళు ఆ ఇల్లు కొనలేదు.

ఆ గొట్టాలను ఇంజినీర్లు వీప్ హోల్స్ అంటారు. మట్టిని ఆపే గోడకు అసలు శత్రువు మట్టి కాదు, మట్టిలో నిలిచిన నీరు. గోడ వెనక కంకర పొర, దాని వెనక మట్టి ఉండాలి. నీరు గొట్టాల్లోంచి బయటికి, అక్కడ నుంచి కాలువలోకి పోవాలి. కొండ ప్రాంతాల రిటైనింగ్ గోడలకు ఐఎస్ 14458 అనే భారతీయ ప్రమాణం ఉంది. అయినా ఇళ్ళ దగ్గర ఈ గోడ పనిని డిజైను లేకుండా మేస్త్రి అంచనాకు వదిలేయడమే ఎక్కువ. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం నాటి తెల్లవారుజామున సింహాచలంలో క్యూలైను పక్కనున్న గోడ వానకు కూలి, నిజరూప దర్శనానికి వచ్చిన భక్తుల ప్రాణాలు తీసింది. ఆ గోడ కొద్దివారాల కిందట హడావుడిగా లేపినది. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కుండపోత వానకు కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి మనుషులు పోయారు. కేరళలోని వయనాడు, మహారాష్ట్రలోని మాలిన్ లాంటి మహా విపత్తుల పక్కన ఇవి చిన్నవిగా కనపడవచ్చు. కానీ మన ఊళ్ళలో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇలాంటి ఒక గోడ, ఒక బండ, ఒక రాత్రి వానకే.

చట్టం ఈ విషయంలో ఏమంటుందో కొనేవాళ్ళకు దాదాపుగా ఎవరూ చెప్పరు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం మొదట్లోనే మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది కాబట్టి విశాఖకు అది కొత్త కాదు. దాని ఏడో సెక్షన్ ఉదాహరణల్లో మనకు కావలసినవి రెండున్నాయి. పై నేల మీద పడిన నీరు, కాలువ కట్టకుండా, సహజంగా దిగివస్తుంటే కింది నేల యజమాని దాన్ని రానివ్వాలి. అలాగే ప్రతి నేలకూ తన సహజ స్థితిలో చుట్టుపక్కల నేల ఇచ్చే ఆసరా పొందే హక్కుంది. ఈ రెండో దాంట్లో మెలిక ఉంది. ‘సహజ స్థితి’ అంటే తవ్వకుండా, అదనపు బరువు మోపకుండా ఉన్న నేల. ఇల్లు కట్టేశాక ఆ బరువుకు కూడా ఆసరా కావాలని పక్కవాణ్ణి అడగాలంటే ఇరవై ఏళ్ళు నిరాటంకంగా ఆ ఆసరా అనుభవించి ఉండాలి. అంటే కొత్త ఇంటి కింది ప్లాటువాడు సెల్లారు కోసం హద్దు దాకా నిలువుగా తవ్వితే, కొత్త యజమాని చేతిలో ఉన్న చట్టబలం తక్కువే. నష్టం జరిగాక కోర్టుకు వెళ్ళడం కంటే, కొనక ముందే పైనా కిందా ఉన్న ఖాళీ ప్లాట్ల యజమానులు ఎవరో కనుక్కుని మాట్లాడటం మేలు. పైనా కిందా ఇప్పటికే ఇళ్ళు పడి, నాలుగైదు వానాకాలాలు గడిచిన చోట కొంచెం ధర ఎక్కువైనా నేను అదే ఎంచుకుంటాను. చుట్టూ ఖాళీ ఉందని మురిసిపోయే ప్లాటు నిజానికి ఇంకా తేలని ప్లాటు.

ప్రశాంతత విషయానికి వస్తే, అది చూడ్డానికి వెళ్ళిన ఆదివారం మధ్యాహ్నం తేలేది కాదు. మర్రిపాలెం, గోపాలపట్నం వైపు నేవీ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది. పొద్దున్నే జెట్ల మోత ఎలా ఉంటుందో అక్కడి పాలవాణ్ణి అడిగితే చెబుతాడు. ఆనందపురం, అనకాపల్లి దిక్కున కొండల్లో మెటల్ క్వారీలు ఉన్నాయి. మధ్యాహ్నం బ్లాస్టింగు, రాత్రంతా టిప్పర్లు. అడవివరంలో ఆషాఢ పౌర్ణమికి గిరిప్రదక్షిణ చేసే లక్షలాది భక్తులు 32 కిలోమీటర్లు కొండ చుట్టి నడుస్తారు. ఆ దారిలో ఇల్లున్నవాళ్ళు ఆ రోజు వాకిట్లో మజ్జిగ కుండలు పెట్టుకుని సంతోషంగా నిలబడతారు. అది ఇబ్బందిగా తోచేవాళ్ళు అక్కడ కొనకూడదు. కంబాలకొండ అభయారణ్యం అంచున చిరుతలు కనపడటం, పెరట్లోకి కొండచిలువ రావడం మామూలే. అడవి దగ్గరుండాలని వచ్చినవాళ్ళం అడవి జీవాలతో సర్దుకుపోవాలి. చెత్త బయట పడేస్తే కుక్కలు, కుక్కల కోసం చిరుత వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం పక్కన ఏముందన్నది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్ళు లేచి వీధిలోకి పరుగెత్తి పడిపోయారు. 1960లలో ఆ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు అది ఊరి బయట. తర్వాత ఇళ్ళే దాని చుట్టూ చేరాయి. లాక్‌డౌన్‌లో మూసి ఉన్న ఫ్యాక్టరీ పక్కన ఆ ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉండి ఉంటుందో ఊహించండి. నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్డీఏ మాస్టర్‌ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉంది, రెండు కిలోమీటర్ల లోపు పారిశ్రామిక జోన్ ఉందా, ఇంటి ముందు నుంచి వంద అడుగుల రోడ్డు ప్రతిపాదన ఉందా అన్నవి ఆ ఆఫీసులో అడిగి తీసుకోవలసిన సమాచారం.

వాలుల మీద మనకంటే ముందు వచ్చినవాళ్ళు ఉన్నారన్నది మరవకూడదు. ఆరిలోవ నుంచి పోర్టు వెనక కొండల దాకా, మెట్లు తప్ప రోడ్డు లేని వాలుల్లో కళాసీలు, తాపీ పనివాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ఎన్నో దశాబ్దాలుగా ఉంటున్నారు. తుపాను హెచ్చరిక రాగానే కొండవాలు ప్రాంతాలను ఖాళీ చేయించమని ఆదేశాలు వచ్చేది వాళ్ళ గురించే. గేటెడ్ కమ్యూనిటీ కోసం పైన కొండ చెక్కితే ఆ మట్టి, ఆ నీరు దిగేది వాళ్ళ ఇళ్ళ మీదికి. తన వాననీటిని సరిగ్గా కాలువలో కలిపే లేఅవుట్‌ను మాత్రమే కొనడం వాళ్ళ పట్ల మన బాధ్యత. అలాంటి లేఅవుట్ మన ఇంటికీ క్షేమం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరం మీద తీరం దాటినప్పుడు ఎత్తున ఉన్న ఇళ్ళకు తగిలిన దెబ్బ వేరు. కొండ వాలు ఎక్కేకొద్దీ గాలి వేగం పుంజుకుంటుంది. గాలి భారాన్ని లెక్కగట్టే ఐఎస్ 875 మూడో భాగం, వాలు మూడు డిగ్రీలు దాటితే ఆ ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోమంటుంది. సముద్రం కనపడేలా నిలువెత్తు గాజు తలుపులు పెట్టిన ఇళ్ళు చూసినప్పుడల్లా ఆ రోజు గుర్తొస్తుంది. సముద్రం కనపడుతుందంటే ఉప్పుగాలి కూడా తగులుతుంది. గ్రిల్సు, స్లాబు అంచుల్లోని ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడటం అక్కడ త్వరగా మొదలవుతుంది. పాత ఇల్లు కొనేటప్పుడు సన్‌షేడు అడుగు భాగం తల ఎత్తి చూడాలి.

ఇక నీటి సంగతి. తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ, ఏలేరు కాలువల నీరు నగరానికి వచ్చి, అక్కడ నుంచి పంపులతో కొండ మీది రిజర్వాయర్లకు ఎక్కాలి. ఇల్లు ఆ రిజర్వాయరు కంటే ఎత్తున ఉంటే కుళాయి ఉన్నా నీరు రాదు. ఈ రాతిలో బోర్లను నమ్మలేం. వేసవిలో ట్యాంకరు ఆ వాలు ఎక్కుతుందా అన్నది అడిగి తెలుసుకోవాలి. ట్యాంకరు ఎక్కలేని దారిలో అంబులెన్సూ ఎక్కదు, ఫైరింజనూ ఎక్కదు. అరవై దాటిన దంపతులకు ఇది అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న. భూగర్భ డ్రైనేజీ లేని చోట పై ఇంటి సెప్టిక్ ట్యాంకు ఊట కింది ఇంటి సంపులోకి దిగుతుంది. ఇద్దరు మంచి ఇరుగుపొరుగు విడిపోవడానికి అది చాలు.

డబ్బు లెక్క ఒకసారి వేసి చూద్దాం. 80 లక్షల ఇల్లు అనుకుంటే, స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం, అంటే 6 లక్షలు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు అప్పుకు బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం దాకా ఇవ్వవచ్చు కాబట్టి 64 లక్షలు వస్తాయి. చేతి నుంచి 22 లక్షలు కావాలి. 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళ మీద నెలకు రూ. 55,500 చొప్పున కట్టేది మొత్తం కోటీ 33 లక్షలు. కట్టుబడి పూర్తికాని ఫ్లాటైతే దీని మీద 5 శాతం జీఎస్టీ. ఇంత కట్టాక పెరటి గోడ తిరిగి కట్టాల్సి వస్తే దానికి అప్పు దొరకడం కష్టం, అందువల్ల అది చేతిలో ఉంచుకోవలసిన డబ్బు. బ్యాంకు లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ రిపోర్టు బ్యాంకు రక్షణకే గానీ మన రక్షణకు కాదు.

రెరా చట్టం ఇచ్చే భరోసా నిజమైనదే. స్వాధీనం చేసిన ఐదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు ముప్పై రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. అయితే 500 చదరపు మీటర్లు మించని స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్లు మించకుండానో కట్టే గ్రూప్‌హౌసులకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కొండవాలులో వచ్చేవి ఎక్కువగా అలాంటి చిన్నవే. రిజిస్టరైన ప్రాజెక్టులో కూడా రిటైనింగ్ గోడ, వాననీటి కాలువ పేరుపెట్టి అగ్రిమెంటులో రాయించుకోవాలి. బీమా సంగతి కూడా చదవాలి. 2021 నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ తుపాను, వరద, కొండచరియలు విరిగిపడటం, నేల కుంగడం దాకా నష్టం ఇస్తుంది. పోసిన మట్టి అణగడం వల్ల వచ్చిన నష్టాన్ని మాత్రం మినహాయిస్తుంది. అంటే సగం తవ్వి సగం పోసిన ప్లాటులో జరిగే అతి మామూలు నష్టానికి బీమా రాదు.

ఇన్ని చూశాక కూడా ఇల్లు నచ్చితే, కొనే సమయాన్ని మన చేతిలో ఉంచుకోవచ్చు. సెప్టెంబరులో బేరం కుదిరితే, అగ్రిమెంటు రాసుకుని రిజిస్టరు చేయించుకుని, మిగతా సొమ్ము చెల్లించి సేల్‌డీడు రాయించుకునే గడువును డిసెంబరుకు పెట్టమని అడగండి. మధ్యలో అక్టోబరు, నవంబరు తుపానులు పోతాయి. వాన పడుతుండగా ఒకసారి, వెలిసిన మర్నాడు ఒకసారి ఆ ఇంటికి వెళ్ళి, గోడ గొట్టాల్లోంచి నీరు వస్తోందా, వచ్చే నీరు తేటగా ఉందా, ఎర్రగా మట్టితో వస్తోందా చూడండి. గోడలో లోపం కనపడితే అమ్మేవాడే బాగుచేయించి ఇవ్వాలని, లేదంటే అడ్వాన్సు వాపసు చేయాలని అగ్రిమెంటులో ఒక షరతు ఉండాలి. గోడ మీద నమ్మకం ఉన్న అమ్మకందారు దానికి ఒప్పుకుంటాడు. ఒప్పుకోనివాణ్ణి కారణం అడగండి.